నేల బాగుంది

బూటు అడుగున మేకుల మధ్య ఇరుక్కున్న బురదని పాత టూత్‌బ్రష్షుతో గోకుతుంటే అందులోంచి తెల్లటి పురుగొకటి బయటికొచ్చి ఆమె వేలి మీద పాకింది. ఒకప్పుడైతే కెవ్వుమనేది. ఇప్పుడు చేతిని బకెట్లో జాడించుకుని మళ్ళీ బ్రష్షు పట్టుకుంది. పెరట్లో కుళాయి పక్కన చిన్న పీట మీద ఆమె, ఆమె చుట్టూ కాలేజీ క్రాస్ కంట్రీ జట్టు అబ్బాయిల బూట్లు. మేజోళ్ళు బూట్లలోనే కుక్కి వదిలేసిన మహానుభావులు కూడా ఉన్నారు వాళ్ళలో. రెండు వేళ్ళతో ఒక్కో మేజోడూ బయటికి లాగినప్పుడల్లా పులిసిన చెమట వాసన గుప్పున ముక్కుకి కొట్టేది. ముఖం పక్కకి తిప్పుకునేది. ఎటు తిప్పినా బూట్లే.

ఇది ఎలా మొదలైందో ఆమెకి బాగా గుర్తు. పెళ్ళైన కొత్తలో ఆమె భర్త, ఆ కాలేజీ కోచ్, ఒక కుర్రాడి బూట్లు తెచ్చి గుమ్మంలో పడేశాడు. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, కాస్త కడిగిపెట్టు" అన్నాడు. మర్నాడు పరుగులో ఆ కుర్రాడు అందరికన్నా ముందొచ్చాడు. అంతే, ఆమె కొంప మునిగింది. "మా ఆవిడ హస్తవాసి అలాంటిది" అని కోచ్ కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. ఆటగాళ్ళకి నమ్మకాలు ఎక్కువ. ఆమె కడిగిన బూట్లు వేసుకుంటేనే కాళ్ళు సాగుతాయని ఒక తరం కుర్రాళ్ళు తరవాతి తరానికి చెప్పి మరీ వెళ్ళారు. పరుగుకి ముందురోజు గోనెసంచీలో బూట్లన్నీ కట్టి గేటు దగ్గర పెట్టిపోవడం, మర్నాడు పొద్దున్న ఆమె అదే సంచీని మైదానానికి మోసుకెళ్ళడం ఆనవాయితీ అయిపోయింది. వాళ్ళు బూట్ల కోసం చెప్పులతోనే వచ్చి నిలబడేవారు. థాంక్స్ చెప్పిన వాళ్ళు కూడా సంచీ వైపు చూసే చెప్పేవారు.

అమ్మాయిల బూట్లకి మాత్రం ఈ భాగ్యం లేదు. మిడత అని అందరూ పిలిచే పొడుగుకాళ్ళ పిల్ల ఒకసారి తన జత కూడా సంచీలో పెట్టబోతే కోచ్ చూశాడు. "చేతుల్లేవా నీకు?" అన్నాడు. మిడత నవ్వేసి తీసేసుకుంది. చేతులు అబ్బాయిలకి కూడా ఉన్నాయి కదా అన్న మాట ఆమె నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ పిల్లే మొన్న బజారులో ఆమెని పట్టుకుని, "అక్కా, మా హాస్టల్లో వార్డెన్ లేదు. ఉండటానికి గది కూడా ఇస్తారట. మీరు రాకూడదూ?" అంది. భోజనాల దగ్గర ఆ సంగతి చెబితే కోచ్ కంచంలోంచి తలెత్తకుండానే వాళ్ళమ్మతో అన్నాడు, "రెండ్రోజుల్లో ఏడ్చుకుంటూ వచ్చేస్తుంది. ఆఖర్లో దమ్ముండదు దీనికి."

ఆఖర్లో దమ్ముండదు. ఆ ఇంట్లో ఆమెకి రెండో పేరు అది. ఊరగాయ సీసా మూత రాకపోతే అదే మాట. కుట్టు నేర్చుకుంటూ సగంలో మానేస్తే అదే మాట, మానేసింది ఆయన సాయంత్రాలు ఇంట్లో టీ లేదని గోల చేసినందుకే అయినా సరే. బిడ్డ కడుపులో నిలవకపోయిన రోజున కూడా ఆయన ఆ మాటే అన్నాడు, ఆస్పత్రి వరండాలో, కాస్త మెల్లిగా. అన్నీ వింది, నమ్మింది కూడా. ఎందుకంటే ఆమె ఒకప్పుడు అదే కాలేజీలో పరిగెత్తింది, ఎంపిక పరుగులో చివరిదాకా వచ్చి కాస్తలో తప్పిపోయింది.

క్రాస్ కంట్రీ అంటే గీతల మధ్య గుండ్రంగా తిరిగే పరుగు కాదు. గడ్డి, గట్లు, వాలు, వాగు పక్క పల్లం, ఏదొస్తే అది దాటుకుంటూ పోవాలి. అందుకే వచ్చిన టైము ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఎండ మండిపోతే టైము పెరుగుతుంది. ఎదురుగాలి వీస్తే పెరుగుతుంది. గట్టి నేల మీద ఎగిరే కాలు బురదలో ఈడ్చుకుంటూ పోతుంది. పరుగయ్యాక కోచ్ వెళ్ళి ఎండ ఎలా ఉంది, గాలి ఎలా ఉంది, నేల ఎలా ఉంది అన్నది రిఫరీకి చెబితే, ఆయన ఎంపికకి పెట్టిన టైముని ఆ మేరకు సడలిస్తాడు. దాన్ని వెసులుబాటు అంటారు. అబ్బాయిల విషయంలో కోచ్‌కి కవిత్వం పొంగుకొచ్చేది. గాలికి చెట్లు ఎలా వంగాయో, ఎండకి కుర్రాళ్ళ పెదాలు ఎలా పగిలాయో కళ్ళకి కట్టినట్టు చెప్పేవాడు. అమ్మాయిల వంతు వచ్చేసరికి ఆ నోరు మూతపడేది. అడిగిన అమ్మాయికి "సాకులు చెప్పకు" అన్న సమాధానం దొరికేది.

ఇంట్లోనూ ఇదే పద్ధతి. ఆయన కంచం విసిరికొడితే, ఎండలో తిరిగొచ్చాడు పాపం అనేది అత్తగారు. నలుగురిలో ఆమెని ఒసేయ్ అని అరిస్తే, జట్టు ఓడిపోయిన బాధలో ఉన్నాడమ్మా అనేది. ఆయన ఉమ్మి కిటికీ చువ్వలకి తగిలి ఎండిపోతే దాన్ని గీకేది ఆమె, జలుబు చేసిందిగా వాడికి అనేది అత్తగారు. అన్ని వాతావరణాల్లోనూ ఆయనకి వెసులుబాటే. ఆమెకి జ్వరం వచ్చి వంట ఆలస్యమైతే మాత్రం తల్లీకొడుకులిద్దరూ గడియారం వైపు చూసేవారు.

"ఏమేవ్, టీ!"

వరండాలోంచి కేక. చేతులు సబ్బు పెట్టి కడుక్కుని, వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కుని టీ పెట్టింది. రేపటి పరుగు కోసం రిఫరీ ముందే వచ్చాడు. మనిషి నెమ్మదస్తుడు, ఆమెని చెల్లెమ్మా అంటాడు. అత్తగారు మూల కుర్చీలో కూర్చుని బిస్కట్ నానబెట్టుకుంటోంది.

"అమ్మాయిల జట్టు సంగతి రేపటితో తేలిపోతుంది బావగారూ" అంటున్నాడు రిఫరీ. "ముగ్గురైనా టైము అందుకోకపోతే కమిటీ జట్టునే ఎత్తేస్తుందట."

"ఎత్తెయ్యనివ్వండి. పీడా వదులుతుంది" అన్నాడు కోచ్.

ఆమె ట్రే పట్టుకుని నిలబడింది. మిడత పొడుగు కాళ్ళు కళ్ళముందు ఆడాయి. ఎప్పుడూ లేనిది నోరు తెరిచింది. "ఎప్పుడూ అబ్బాయిలు తొక్కేశాకే కదండీ వీళ్ళు పరిగెత్తేది? ఒక్కసారి అమ్మాయిల్ని ముందు పంపితే?"

"తాజా నేల అబ్బాయిలకి కావాలి. పై పోటీలకి వెళ్ళేది వాళ్ళు" అన్నాడు కోచ్. "నువ్వు బిస్కట్లు తే."

"రూలేం లేదు చెల్లెమ్మా" అన్నాడు రిఫరీ, మాట సర్దడానికన్నట్టు. "అలవాటు, అంతే. ముందు సిద్ధమై నిలబడినవాళ్ళని ముందు వదులుతాను. మీ ఆయన ఎప్పుడూ అబ్బాయిల్నే నిలబెడతాడు."

కోచ్ పకపకా నవ్వాడు. "దీనికి వాళ్ళ మీద జాలండీ. తనూ పరిగెత్తిన మనిషే కదా. అసలు మా పెళ్ళి కథ చెప్పానా మీకు? ఆ రోజు మధ్యలో వాన పడింది. అబ్బాయిలు తొక్కేసి వెళ్ళాక పల్లమంతా ఊబి. ఇది అందులో దిగబడి ఒక బూటు అక్కడే వదిలేసి, ఒంటి బూటుతో కుంటుకుంటూ వచ్చింది. అలా వచ్చి కూడా కాస్తలో తప్పింది చూడండి! వెసులుబాటు ఇస్తే నిక్షేపంగా ఎంపికయ్యేది. అప్పుడు నేను అసిస్టెంటుని. అమ్మాయిల నేల సంగతి చెప్పాల్సింది నేనే. ఏం చెప్పానో తెలుసా?" టీ గుక్క నోట్లో ఉంచుకునే తొడ చరిచాడు. "నేల బాగుంది అన్నాను!"

రిఫరీ కప్పు నోటి దగ్గర ఆగిపోయింది.

"మరి? ఎంపికైతే శిక్షణకని వెళ్ళిపోతుంది. వెళ్ళిన పిల్ల మళ్ళీ మనకి దొరుకుతుందా? అప్పటికే కన్నేసి ఉన్నాను నేను. ఆ రోజు వాన పడకపోతే ఇది నాకు దక్కేదే కాదండీ!"

నవ్వుతుంటే ఆయన పెదవి చివర టీ చుక్క జారి గడ్డం మీదికి దిగింది. తుడుచుకోలేదు. ఆమె ఆ చుక్కనే చూస్తూ నిలబడింది.

"అంత మోజుపడ్డాడమ్మా నీ మీద" అంది అత్తగారు, నానిన బిస్కట్ ముక్కని చప్పరిస్తూ. "ఎంతమందికుంటుంది ఆ అదృష్టం!"

ట్రే వంటింట్లో పెట్టి పెరట్లోకి వెళ్ళి కుళాయి పక్కన వంగి వాంతి చేసుకుంది. మధ్యాహ్నం తిన్నదంతా వచ్చేసింది. నోరు పుక్కిలించి, నీళ్ళు కొట్టి, మళ్ళీ పీట మీద కూర్చుంది. కళ్ళముందు ఆ రోజు కదిలింది. పాదం కింద చల్లగా జారిన బురద, పల్లంలో బూటుని లాగేసుకున్న ఆ పట్టు, వంగి వెతుకుదామా పోదామా అని ఒక్క క్షణం, ఆ తరవాత ఒంటి కాలికి గులకరాళ్ళు. గీత దాటి కూలబడినప్పుడు తువ్వాలు పట్టుకొచ్చింది ఈయనే. తలమీద వేసి, "వేగం ఉంది నీలో. ఆఖర్లో దమ్ము లేదు, అంతే. బాధపడకు" అన్నాడు. ఎంత ఓదార్పుగా అన్నాడు! ఎంత మంచివాడనుకుంది! ఆ తువ్వాలు కప్పిన చెయ్యే అంతకు ముందో ఆ తరవాతో వెళ్ళి రిఫరీ బల్ల మీద ఆనుకుని ఉంటుంది, నేల బాగుంది అని చెప్పడానికి. ఆ చేతికే ఇన్నేళ్ళూ అన్నం వడ్డించింది. ఆ చెయ్యి ఒంటి మీద పడితే పక్కకి జరగడం తన తప్పేమో అనుకుని మళ్ళీ దగ్గరికి జరిగింది. ఒళ్ళంతా బురద పాకినట్టు జలదరించింది. మోసం చేసినందుకు కాదు, మోసగాళ్ళు లోకంలో ఉంటారు. దాన్ని ముద్దుగా చెప్పుకున్నందుకు, అతిథికి బిస్కట్లతో పాటు వడ్డించినందుకు, ఆమె ట్రే పట్టుకుని నిలబడి ఉండగా చెప్పినందుకు. ఆమె వింటుందనీ, విన్నా ఏమీ కాదనీ ఎంత ధీమా! ఆయన మీద ఎంత రోత పుట్టిందో, ఆ మాటని మెడలో వేసుకుని తిరిగిన తన మీద తనకి కూడా అంత రోతా పుట్టింది. దమ్ము లేదట. ఒంటి బూటుతో ఊబి దాటినదానికి దమ్ము లేదట!

చేతిలో సగం కడిగిన బూటు ఉంది. అది ఎవరిదో కూడా ఆమెకి తెలియదు. దాన్ని బకెట్లో వదిలేసింది. బురద నీళ్ళు చింది మోకాలి మీద పడ్డాయి. మిగిలిన బూట్లని కాలితో బకెట్ దగ్గరికి తోసి, బ్రష్షుని గోడవతల పారేసి లోపలికి వెళ్ళిపోయింది. కుర్రాళ్ళకి అన్యాయమా అని ఒక్క క్షణం అనిపించింది. వాళ్ళకేం, చెప్పడానికి కోచ్ ఉన్నాడు, కవిత్వం ఉంది.

మర్నాడు పొద్దున్న బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు, నీళ్ళ డబ్బాలు ఎప్పటిలాగే కాలేజీ బస్సులో పెట్టింది. కోచ్ ఈల మెళ్ళో వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె ఉన్నచోట పనులు జరిగిపోతాయి కదా, చూడటం దేనికి?

రాత్రి జల్లు పడి ఆగింది. గడ్డి మీద ఎవరి అడుగూ పడలేదు. పల్లంలో నేల మెత్తబడిందే కానీ ఊబి కాలేదు. గట్టు పైనుంచి చూస్తే మొత్తం దారి పచ్చగా, అప్పుడే ఉతికి ఆరేసినట్టుంది. ఆ నేలని అంత శుభ్రంగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె పరిగెత్తిన రోజుల్లో చూసింది ఎప్పుడూ ఇంకొకళ్ళు తొక్కి వదిలేసినదాన్నే.

అబ్బాయిలు చెప్పులతో చుట్టూ మూగారు. "సంచీ ఏదే?" అన్నాడు కోచ్.

"పెరట్లో ఉంది."

"పెరట్లోనా? మర్చిపోయావా? బుద్ధుందా నీకు?"

"మర్చిపోలేదండీ. తేలేదు. కడగనూ లేదు."

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖం కందగడ్డయింది. డ్రైవర్ని బస్సు తీసుకుని ఇంటికి పరిగెత్తమన్నాడు. పడమటి దిక్కున మబ్బు నల్లగా లేస్తోంది. రిఫరీ ఆకాశం వైపు చూశాడు. తరవాత అమ్మాయిల వైపు చూశాడు. వాళ్ళు తమ బూట్లు తామే కడుక్కుని, తాళ్ళు బిగించుకుని, కాళ్ళు విదిలించుకుంటూ నిలబడి ఉన్నారు.

"వాన ముంచుకొస్తోంది బావగారూ. సిద్ధంగా ఉన్నవాళ్ళని నిలబెట్టండి."

"అమ్మాయిల్నా? ముందా? వీల్లేదు!"

"రూలేం లేదని నిన్నే చెప్పానుగా" అన్నాడు రిఫరీ. గొంతు మెత్తగానే ఉంది కానీ ఆయన కోచ్ ముఖంలోకి చూడలేదు. ఈల తనే ఊదాడు.

మిడత మొదటి అడుగులోనే ఎగిరింది. ఆమె గట్టు మీద నిలబడి చూసింది. పిల్లలు వాలు దిగారు. పల్లం దగ్గరికి వచ్చారు. ఆమె పాదాలు వాటంతటవే బిగుసుకున్నాయి, ఇక్కడే, ఇక్కడే లాగేస్తుంది. లాగలేదు. గడ్డి పట్టి ఉంది. బూట్ల మేకులు దిగి, లేచి, దిగి, లేచి, పిల్లలు అవతలికి పోయారు. నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది, ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు. మిడత గీత దాటి వచ్చి ఆమె మీదే పడింది. "అక్కా, నేల ఎంత బాగుందో! కాలు ఆగలేదక్కా!" అని రొప్పుతూ అంది. దాని వెనకే ఇద్దరు, ఆ వెనక ఇంకొకత్తె టైము అందుకున్నారు. ముగ్గురు చాలన్నారు, నలుగురొచ్చారు.

బస్సు తిరిగొచ్చేసరికి వాన మొదలైంది. బురద కరడు కట్టిన బూట్లని కోచ్ స్వయంగా రాయికేసి బాదాడు. ఆయన చొక్కా మీద, ముఖం మీద మరకలు పడ్డాయి. బూట్లలో మిగిలిపోయిన మేజోళ్ళని అబ్బాయిలు ముక్కు మూసుకుని లాగారు. తమ వాసన తమకి తగలడం వాళ్ళకి అదే మొదటిసారి. అమ్మాయిలు తొక్కిన దారిలో, వాన నానబెట్టిన పల్లంలో పడి లేచి పరిగెత్తి వచ్చారు. ఒక్కడి టైము కూడా బాగా రాలేదు. కోచ్ రిఫరీ బల్ల దగ్గరికి ఉరికాడు.

"ఇది నేలా? ఊబి! దీనిమీద వచ్చిన టైముల్ని ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా?"

"తీసుకోనులెండి. వెసులుబాటు ఇస్తాను" అన్నాడు రిఫరీ. ఆ తరవాత గొడుగు కింద నిలబడ్డ ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయిలు పరిగెత్తినప్పుడు నేల ఎలా ఉంది చెల్లెమ్మా?"

కోచ్ ఆమెని చూస్తున్నాడు. బతికి బట్టకట్టాలంటే ఏం చెప్పాలో ఆ చూపు చెబుతోంది.

"బాగుందండీ" అంది ఆమె. "నిజంగానే బాగుంది."

ఇంటికొచ్చి గుమ్మం దాటగానే ఆయన అందుకున్నాడు. పరువు తీశావన్నాడు. ఇన్నేళ్ళు తిండి పెట్టినందుకు ఇదా అన్నాడు. వాళ్ళమ్మ తువ్వాలు అందిస్తూ, వాడిలా తడిసిపోయేదాకా చేస్తావా తల్లీ, నువ్వు ఆడదానివేనా అంది. ఆయన సోఫాలో కూలబడి, తడి మేజోడు లాగి, అలవాటు ప్రకారం ఆమె కాళ్ళ దగ్గరికి విసిరాడు. అది తపక్‌మని నేల మీద పడింది. ముగ్గురూ దాన్ని చూశారు. ఆమె వంగలేదు.

"తియ్యి" అన్నాడు.

ఆమె లోపలికెళ్ళి అల్మారా అడుగునుంచి సంచీ తీసుకుంది. బట్టలు, కాగితాలు పొద్దున్నే సర్దిపెట్టుకుంది. మిడతకి బస్సు దగ్గరే చెప్పింది, గది ఊడ్పించమని. వెనక తలుపు మూలలో తన బూట్లు వెతికి, ముందు గదిలోకొచ్చి, ఆయన ఎదురుగానే కూర్చుని తాళ్ళు కట్టుకుంది. తొందరేమీ పడలేదు.

"ఎక్కడికే?" అన్నాడు. గొంతు మారింది. "హాస్టల్‌కా? నిన్న అన్నదానికా ఇదంతా? సరదాకి అన్నానే! పాత సంగతి! రెండ్రోజులు కూడా ఉండలేవు నువ్వు, ఆఖర్లో..."

ఆమె లేచి నిలబడి ఆయన ముఖంలోకి చూస్తోంది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేదేమో ఆయనకి. మేజోడుని చూసినట్టు చూసింది.

"ఆ రోజు వాన పడకపోతే నేను మీకు దక్కేదాన్ని కాదన్నారు కదా" అంది. వెళ్ళి తలుపు బార్లా తీసింది. చూరు నుంచి ఆఖరి చుక్కలు రాలుతున్నాయి.

"వాన వెలిసిందండీ."